ఏడు నెలల్లో మూడు రోపులు తినేసిన క్రేన్: ఒక కేస్ స్టడీ

విశాఖ చుట్టుపక్కల ఉన్న ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు సంగతి ఇది. కంపెనీ పేరు, మనుషుల పేర్లు తీసేశాను.

క్రేన్లు, లిఫ్టింగ్ సామాను పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇవ్వడం నా పని. అప్పట్లో అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 29వ సెక్షన్ ప్రకారం క్రేన్‌నీ దాని రోపునీ కనీసం 12 నెలలకోసారి అర్హత ఉన్న మనిషి చేత క్షుణ్ణంగా పరీక్ష చేయించాల్సి ఉండేది. అలా ఏడాదికోసారి నేను వెళ్ళే షెడ్డు అది. ఆ ఏడు మాత్రం మధ్యలోనే ఫోన్ వచ్చింది. "సార్, ఏడు నెలల్లో మూడో రోపు పోయింది. మార్కెట్లో అంతా డూప్లికేట్ మాల్ వస్తున్నట్టుంది. మీరొకసారి చూసి రాసిస్తే సప్లయర్ మీద క్లెయిమ్ వేస్తాం" అన్నారు మెయింటెనెన్స్ మేనేజర్. కారణం వాళ్ళు అప్పటికే తేల్చేశారు, నా సంతకం ఒక్కటే తక్కువ.

నేపథ్యం

10 టన్నుల ఈవోటీ క్రేన్, అంటే షెడ్డులో పైన పట్టాల మీద నడిచే కరెంటు క్రేన్. హుక్ బ్లాకుని (హుక్ వేలాడే కప్పీల పెట్టెని) నాలుగు వరసల రోపు మోస్తుంది. రోపు చుట్టుకునే డ్రమ్ము మీంచి దిగి, బ్లాకులో షీవ్ (గాడి ఉన్న కప్పీ) చుట్టి పైకెళ్ళి, పై షీవ్ మీంచి మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కి, పైన ట్రాలీకి (క్రేన్ దూలం మీద నడిచే బండికి) వెడ్జ్ సాకెట్ అనే చీల బిగింపు‌తో బిగించిన చోట ఆగుతుంది. ఆ కొసని డెడ్ ఎండ్ అంటాం. రోపు 16 మి.మీ., 6×36 రకం, ఇనుప కోరు (నడిమి తాడు), కుడి పురి. పొడవు 55 మీటర్లు. ఈ సైజు మీటరుకి కిలో పైచిలుకు తూగుతుంది కాబట్టి మొత్తం 58 కిలోల దాకా ఉంటుంది. ఇద్దరు మనుషులు నేలమీద ఈడ్చుకుపోగల బరువు.

వైర్ రోపుతో పరిచయం లేనివాళ్ళకి ఒక్క మాట. సన్న తీగలు పేనితే పేట, ఆరు పేటలు కోరు చుట్టూ పేనితే రోపు. ఒక పేట కోరు చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగి రావడానికి పట్టే పొడవుని లే పొడవు అంటారు. పురి బిగిస్తే ఈ పొడవు తగ్గుతుంది, విప్పితే పెరుగుతుంది. నులక పేనడం చూసినవాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు.

అంతకుముందు ఆ క్రేన్‌కి ఒక్కో రోపు రెండేళ్ళ దాకా వచ్చేది.

సమస్య

ఖాళీ హుక్ కిందికి దించితే బ్లాకు తనంతట తాను తిరిగిపోతోంది. నాలుగు వరసలూ జడలా ఒకదానికొకటి చుట్టుకుంటున్నాయి. బరువు తగిలించాక మళ్ళీ సర్దుకుంటోంది, అందుకే మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. బరువున్నప్పుడు వరసల్ని దూరదూరంగా నిటారుగా పట్టి ఉంచేది ఆ బరువే. ఖాళీ బ్లాకుకి అంత బలం ఉండదు, రోపులో దాగిన మెలి దాన్ని తిప్పేస్తుంది. ఆ తర్వాత రెండు నెలలకి డెడ్ ఎండ్ దగ్గర్లో పేటలు కోరుని వదిలి బయటికి ఉబ్బేవి. రోపులు ఎక్కించే ఖలాసీలు దాన్ని 'బుట్ట కట్టడం' అంటారు. నిజంగా వెదురు బుట్ట లాగే ఉంటుంది. అది కనబడిందంటే ఆ రోపు ఇక పనికిరాదు.

రిజిస్టర్లు తిరగేస్తుంటే ఇంకొకటి కనబడింది. రెండో రోపు మార్చిన రోజున ఒక కుర్రాడి చెంపకి నాలుగు కుట్లు పడ్డాయి. చుట్టకి కట్టిన బైండింగ్ వైరు కట్ చేయగానే రోపు కొస చివ్వున లేచి తగిలింది. ప్రమాదాల రిజిస్టరులో 'వైరు గుచ్చుకుంది' అని రాసి వదిలేశారు. ఆ గాయం ఒక ఫైల్లో, పాడైన రోపులు ఇంకో ఫైల్లో. రెండూ ఒకే పనిలోంచి పుట్టాయని ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకూ తట్టలేదు.

నేను వెళ్ళేలోపు వాళ్ళు చేసింది

కంపెనీ మార్చారు. రెండో రోపు ఒక బ్రాండు, మూడోది ఇంకొకటి. గ్రీజు దండిగా పూశారు. బ్లాకు తిరిగినప్పుడల్లా డెడ్ ఎండ్ సాకెట్ ఊడదీసి, రోపు కొసని చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి మళ్ళీ బిగించారు. ప్రతిసారీ మూడు నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదటికొచ్చేది.

ఈ ఆఖరిది పూర్తిగా తప్పేమీ కాదు. కానీ కొస దగ్గర విప్పితే ఆ కొస పక్కన ఉన్న మెలి మాత్రమే పోతుంది. షీవ్‌లకి అవతల, డ్రమ్ము మీద ఉన్నది అక్కడే ఉంటుంది. క్రేన్ ఆడుతున్నకొద్దీ షీవ్‌లు దాన్ని మెల్లగా డెడ్ ఎండ్ వైపు తోస్తాయి, దువ్వెన జుట్టులో చిక్కుని చివరికి తోసినట్టు. ఎంత మెలి ఉందో తెలీకుండా అంచనా మీద తిప్పితే ఉన్న పురి కూడా విప్పేసే ప్రమాదం ఉంది.

కొలతలు ఏం చెప్పాయి

రోపు చెడ్డదేనా అన్నది ముందు తేల్చాలి. స్టోరులో మూడో రోపు తాలూకు మీటరున్నర ముక్క మిగిలి ఉంది. కొత్తది, క్రేన్ ఎక్కనిది. ఇలాంటి ముక్క దాచిపెట్టే స్టోర్ కీపర్లకి దండం పెట్టాలి. క్యాలిపర్‌తో ఎదురెదురు పేటల వీపుల మీదుగా కొలిస్తే 16.3 మి.మీ. వచ్చింది. కొత్త రోపు చెప్పిన సైజు కంటే కాస్త లావుగా ఉండటం మామూలే. టెస్ట్ సర్టిఫికెట్ ఉంది, వైర్ రోపుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2266 ప్రకారమే ఉంది. పైగా రెండు వేరు వేరు కంపెనీల రోపులు ఒకే చోట, ఒకే తీరుగా పాడైతే కంపెనీని అనుమానించడానికి నాకు మనసొప్పలేదు.

తర్వాత లే పొడవు. దీనికి పెద్ద పరికరం అక్కర్లేదు. రోపు మీద పొడవునా తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ పడుకోబెట్టి రుద్దితే పేటల అచ్చు పడుతుంది. మొదటి గీత నుంచి ఏడో గీత దాకా కొలిస్తే అది ఒక లే. స్టోరులో ముక్కకి 103 మి.మీ. వచ్చింది. క్రేన్ మీంచి ఇంకా తీయని మూడో రోపుకి బుట్ట కట్టిన చోటికి ఇవతల 117 వచ్చింది. దాదాపు పది మీటర్ల మేర అలాగే ఉంది. లెక్క వేస్తే, ఆ పది మీటర్లలో ఉండాల్సిన 97 చుట్ల పురి 85కి పడిపోయింది. పన్నెండు చుట్లు ఎవరో చేత్తో విప్పేసినట్టు.

షీవ్ గాళ్ళు గేజితో చూశాను, బాగున్నాయి. డ్రమ్ముది ఎడమ గాడి, రోపుది కుడి పురి, సరైన జోడీయే. అయినా రెండేళ్ళు నడిచిన రోపులూ వీటి మీదే నడిచాయి కదా. అందుకే మేనేజర్‌ని ఒకటే అడిగాను: "ఏడు నెలల కింద ఏం మారింది?"

ఆయన ఏమీ మారలేదన్నారు. స్టోర్ కీపర్ మాత్రం రిజిస్టర్ వెనక్కి తిప్పి, "ఇదివరకు 200 మీటర్లు చెక్క రీలు మీద తెప్పించేవాళ్ళం సార్. ఇప్పుడు కావాల్సినంతే కట్ చేయించి తెస్తున్నారు" అన్నాడు. స్టాకు మీద డబ్బు ఇరుక్కుపోతోందని పర్చేజ్ వాళ్ళు చేసిన మార్పు అది. వాళ్ళ లెక్కలో వాళ్ళు కరెక్టే. అప్పట్నించి రోపు రీలు మీద కాకుండా చుట్టగా, నాలుగు చోట్ల బైండింగ్ వైరు కట్టి, ఆటోలో వస్తోంది.

నాలుగో రోపు, నా కళ్ళ ముందు

"ఎప్పుడూ ఎలా ఎక్కిస్తారో అలాగే ఎక్కించండి" అన్నాను. హెడ్ ఖలాసీ పెద్దాయన, కుర్రాళ్ళంతా బాబాయ్ అని పిలుస్తారు. చుట్టని క్రేన్ కింద నేలమీద పడుకోబెట్టారు. పైచుట్టు కొస పట్టుకుని పైకి లాగడం మొదలెట్టారు. నేల మీద చుట్ట కదలడం లేదు, ఒక్కో చుట్టూ దాని మీంచి లేచి వస్తోంది. మూడో చుట్టుకే రోపు పాములా మెలితిరిగి ఒక లూపు వేసుకుంది. కుర్రాడొకడు దాన్ని లాగి సాపు చేయబోతే ఆపాను.

ఆ లూపు దగ్గరే పది నిమిషాలు నిలబడ్డాం. లూపు లూపుగా ఉన్నంతవరకూ రోపుకి ఏమీ కాలేదు. రోపుని తిప్పి దాన్ని విప్పేస్తే సరి. దాన్నే లాగి బిగిస్తే చిన్నదై, ఇంకా చిన్నదై, చివరికి మెలిక పడుతుంది. తీగలు అక్కడ శాశ్వతంగా వంగిపోతాయి. తర్వాత సుత్తితో కొట్టి సాపు చేసినా కంటికి సాపుగా కనబడుతుందే గానీ బలం తిరిగి రాదు.

చుట్టని చూశాను. అటూ ఇటూగా 1.1 మీటర్ల వెడల్పు. ఒక చుట్టుకి మూడున్నర మీటర్లు వేసుకున్నా 55 మీటర్లకి సుమారు 16 చుట్లు. కదలని చుట్ట మీంచి రోపు లేపితే ఒక్కో చుట్టుకి ఒక్కో పూర్తి మెలి రోపులోకి ఎక్కుతుంది. పదహారు ఎక్కాయి. మూడో రోపుకీ అంతే ఎక్కి ఉంటాయి, అందులో పన్నెండు నాకు లే కొలతలో దొరికాయి. మిగతావి సాకెట్ దగ్గర వాళ్ళు తిప్పినప్పుడు పోయి ఉంటాయి.

సూపర్‌వైజర్ ఒక మంచి ప్రశ్న వేశాడు: "చుట్ట తిరగేసి లాగితే సార్?" తిరగేస్తే మెలి రెండో వైపుకి ఎక్కుతుంది. పురి విడిపోయే బదులు బిగుసుకుంటుంది. పదహారు మాత్రం పదహారే. ఇన్నాళ్ళూ లేబుల్ ఉన్న వైపు పైకి పెట్టడం అలవాటు కాబట్టి మూడు రోపులూ ఒకే వైపుకి పాడయ్యాయి, అంతే.

బాబాయ్ ఇదంతా వింటూ, "వలతాడు మేం ఇలా లాగం సార్. ఎనిమిది అంకెలా పరుస్తాం, లేపోతే చిక్కడిపోద్ది" అన్నాడు. వాళ్ళది చేపల వేట కుటుంబం. ఎనిమిది అంకెలో ఒక సగం ఒక వైపు మెలి ఎక్కిస్తే రెండో సగం దాన్ని తీసేస్తుంది. సూత్రం ఆయనకి నాకంటే ముందే తెలుసు. "మరి ఇక్కడెందుకు లాగారు బాబాయ్?" అంటే, "ఇది ఇనుము గదా, దీనికేటవుద్ది అనుకున్నాం" అన్నాడు.

మొదట చేసినవి, కుదరనివి

సులువైన దారి ముందు చూశాం. చుట్టని బండి చక్రంలా నిలబెట్టి, కొసని ఒకచోట పట్టుకుని, చుట్టని నేలమీద దొర్లించడం. పుస్తకాల్లో ఉండే పద్ధతే, చిన్న పొడవులకి బాగా పనిచేస్తుంది. ఇక్కడ సగం దూరం వెళ్ళేసరికి చుట్ట బిగువు పోయి చతికిలబడింది. దానికి తోడు షెడ్డు నేల నిండా వెల్డింగ్ పూసలు, గ్రైండింగ్ పొడి. కొత్త రోపు గ్రీజు వాటన్నిటినీ అంటించుకుంది. ఆ పొడి షీవ్ గాడిలోకి వెళ్తే ఉప్పుకాగితమే. ఆపేసి, కిరోసిన్ గుడ్డతో తుడవబోయిన కుర్రాడిని కూడా ఆపాను. కిరోసిన్ లోపలి గ్రీజుని కూడా తీసేస్తుంది. పొడిగుడ్డతో, బ్రష్‌తో పైపైన దులిపాం.

తర్వాత తిరుగుడు బల్ల. పాత లారీ హబ్బు మీద గుండ్రటి ప్లేటు వెల్డ్ చేసి, చుట్ట లోపల సరిపోయేలా నాలుగు పైపు ముక్కలు నిలబెట్టారు. ఒక్క పూటలో తయారైంది. చుట్ట బల్లమీద ఉంటుంది, రోపు లాగుతుంటే బల్లే తిరుగుతుంది, మెలి ఎక్కదు. బాగుంది. కానీ లాగడం ఆపగానే బల్ల ఆగలేదు. రెండు చుట్లు వదులై జారి నేలమీద పడ్డాయి, మళ్ళీ లూపులు. బేరింగ్ మరీ నున్నగా ఉండటమే తప్పయింది. కాలితో తొక్కి ఆపుతానన్నాడు ఒకడు. తిరిగే బల్లకీ కాలికీ మధ్య వేళ్ళు పెట్టే ఏ ఆలోచనకీ నేను ఒప్పుకోను. పాత కన్వేయర్ బెల్టు ముక్క ఒకటి హబ్బు చుట్టూ వేసి, ఒక కొస ఫ్రేముకి బోల్టు చేసి, రెండో కొసకి చిన్న లీవర్ పెట్టి బరువు వేలాడదీశాం. అప్పుడు రోపు ఎప్పుడూ కాస్త బిగువుగానే వచ్చింది.

కుట్లు పడిన కుర్రాడి సంగతి అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. చుట్ట అంటే వంచి కట్టేసిన స్ప్రింగే. బైండింగ్ వైర్లన్నీ ఒకేసారి తెంచితే అది విడుదలవుతుంది. బల్లమీద పెట్టి, బయటి కొసని పైపుకి వేరే కట్టాకే, వైర్లు ఒక్కొక్కటీ, రోపు అవసరమైనకొద్దీ తెంచాలని పెట్టుకున్నాం. తెంచేవాడు కొస విడుదలయ్యే దారిలో నిలబడకూడదు, ముఖానికి షీల్డ్ ఉండాలి. తోలు గ్లౌజులు సరే, కానీ కదిలే రోపు మీద గ్లౌజు చెయ్యి ఆనించడం వద్దన్నాను. తెగిన తీగ ముల్లు గ్లౌజుకి పట్టుకుంటే చేతిని కూడా షీవ్‌లోకి లాక్కుపోతుంది. ఏదైనా సర్దాలంటే ముందు రోపు ఆగాలి. డ్రమ్ము దగ్గర రెండు మీటర్ల దూరంలో సుద్దతో గీత గీసి, రోపు కదులుతున్నంతసేపూ దాన్ని ఎవరూ దాటకూడదన్నాం. పెండెంట్ (క్రేన్‌ని నడిపే బటన్ల పెట్టె) ఒక్కడి చేతిలోనే, సైగ చేసేది కూడా ఒక్కడే.

నా తప్పు

ఇక్కడ నేను ఒకటి వదిలేశాను. వాళ్ళు పాత రోపు కొసకి కొత్త రోపు కొసని వెల్డ్ చేసి, పాతదాన్ని లాగితే కొత్తది వెంట వచ్చేలా ఎక్కిస్తారు. పైకెక్కి చేత్తో రోపు దూర్చే పని తప్పుతుంది కాబట్టి నేను కూడా అడ్డు చెప్పలేదు. వెల్డ్ నున్నగా చేశారు, షీవ్‌ల మీంచి చక్కగా వెళ్ళింది.

కొత్త రోపుతో ఖాళీ బ్లాకు దించితే పావు చుట్టు తిరిగింది. పది రోజులకి అర చుట్టయింది. ఆ ఫోన్ వచ్చినప్పుడు నా మొహం చూసుండాల్సింది. విప్పిన తీరు సరిగ్గానే ఉంది, మరి మెలి ఎక్కడిది? పాత రోపుదే. దానిలో నిండుగా ఉన్న మెలి, గట్టిగా వెల్డ్ చేసిన అతుకు మీదుగా, అడ్డేమీ లేక కొత్తదానిలోకి పాకింది.

ఈసారి బుట్ట కట్టే దాకా ఆగలేదు. బ్లాకుని నేలమీద బల్లపై ఆనించి, రోపులో బరువు పూర్తిగా తీసేసి, క్రేన్ మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసి, డెడ్ ఎండ్ విప్పాం. రోపు మీద పొడవునా సుద్దగీత గీసుకున్నాం కాబట్టి ఎంత విడుదలవుతోందో కంటికి కనబడింది. కొస తనంతట తానే మూడు చుట్లు తిరిగి ఆగింది. ఆగిన చోటే బిగించాం, ఒక్క చుట్టు కూడా అదనంగా తిప్పలేదు. క్రేన్ రెండు రోజులు ఆడాక ఇంకోసారి విప్పితే అర చుట్టు వచ్చింది. ఆ తర్వాత బ్లాకు కదల్లేదు. ముందు వాళ్ళు చేసిందీ మేము చేసిందీ చూడ్డానికి ఒకటే. తేడా ఏంటంటే అప్పుడు పదహారు ఉన్నాయి, ఇప్పుడు మూడున్నర ఉన్నాయి.

షెడ్డులో పక్క భాగంలో ఉన్న ఇదే రకం క్రేన్‌కి రోపు మార్చేటప్పుడు వెల్డ్ మాన్పించాను. ఎలక్ట్రీషియన్లు కేబుల్ లాగడానికి వాడే జాలీ గ్రిప్పులు రెండు తెచ్చి, పాత కొసకి ఒకటి, కొత్త కొసకి ఒకటి తొడిగి, మధ్యలో రెండు మీటర్ల నైలాన్ తాడు కట్టాం. పాత రోపు వెళ్తుంటే ఆ నైలాన్ తాడు గిరగిరా తిరగడం కింద నిలబడి అందరం చూశాం. ఆ తిరుగుళ్ళన్నీ ఇదివరకు కొత్త రోపులోకి వెళ్ళినవే. ఖాళీ బ్లాకు దించితే అసలు తిరగలేదు.

కొస కట్టడం గురించి కొంచెం

రోపు కోసే తీరు కూడా మార్చాం. ఇన్సులేషన్ టేపు చుట్టి గ్రైండర్‌తో కోసేవాళ్ళు. వేడికి టేపు కరిగి, కోత పూర్తయ్యేలోపే పేటలు విచ్చుకునేవి. ఒక జానెడు పురి అక్కడే పోతుంది, అది వెడ్జ్ సాకెట్ లోపలికి వెళ్ళాక ఎవరికీ కనబడదు. ఇప్పుడు మెత్తటి ఇనుప తీగతో కడుతున్నారు. తీగ కొసని రెండు పేటల మధ్య గాడిలో పొడవునా పడుకోబెట్టి, దాని మీదే వెనక్కి చుట్టు పక్కన చుట్టు బిగువుగా వేసుకుంటూ వచ్చి, చివర రెండు కొసలూ కలిపి మెలేయాలి. కట్టు పొడవు రోపు లావుకి రెండింతలకి తగ్గకూడదు. 16కి 32, మేము 40 వేశాం. కోతకి అటు రెండు, ఇటు రెండు కట్లు. మొదటి కట్టు బాబాయ్ వేశాడు. నేను వేసినదాని కంటే బిగువుగా ఉంది.

ఎక్కించాక ఖాళీగా అయిదారుసార్లు, తర్వాత టన్ను బరువుతో పదిసార్లు ఆడించి, ఆ తర్వాతే పనికి ఇచ్చారు. హుక్ అడుగుకంటా దించినప్పుడు డ్రమ్ము మీద రెండు చుట్లకి తక్కువ మిగలకూడదు, ఇక్కడ మూడున్నర ఉన్నాయి. ఈ డ్రమ్ము మీద ఒకే వరస కాబట్టి చుట్టేటప్పుడు బిగువు గురించి ఎక్కువ పట్టించుకోలేదు. మొబైల్ క్రేన్లలా వరస మీద వరస పడే డ్రమ్ములకి ఈ మాట వర్తించదు. అక్కడ రోపు తెగే బలంలో కనీసం రెండు శాతం బిగువుతో చుట్టకపోతే పైవరస కింది వరసలోకి దిగబడి నలిగిపోతుంది.

తర్వాత

క్లెయిమ్ లెటర్ మీద నేను సంతకం పెట్టలేదు. దాని బదులు రెండు పేజీల నోట్ రాసిచ్చాను, అందులో వెల్డ్ అతుకు దగ్గర నేను చేసిన తప్పు కూడా రాశాను. మేనేజర్ కాస్త నొచ్చుకున్నారు. సప్లయర్‌కి వేద్దామనుకున్న ఖర్చు తన డిపార్ట్‌మెంట్ మీద పడింది కదా, ఎవరైనా నొచ్చుకుంటారు.

పద్నాలుగు నెలలకి ఏడాది పరీక్షకి వెళ్ళినప్పుడు అదే నాలుగో రోపు ఆడుతోంది. 16.1 మి.మీ., తెగిన తీగ ఒక్కటీ కనబడలేదు, లే 104. పర్చేజ్ వాళ్ళు మళ్ళీ రీలుకి ఒప్పుకున్నారు, కాకపోతే రెండు క్రేన్లకీ కలిపి ఒకే రీలు. రీలు వచ్చాక ఇంకో చిన్న గొడవ జరిగింది. రోపు రీలు అడుగు నుంచి తీసి డ్రమ్ము పైకి పంపబోయారు. అలా చేస్తే రోపు తనకి అలవాటైన వంపుకి ఎదురు తిరగాలి. అడుగు నుంచి వస్తే డ్రమ్ము అడుగుకి, పై నుంచి వస్తే పైకి. రీలుని తిప్పి పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది.

పాత రీలు స్టాండు కోసం మాత్రం చాలాసేపు వెతికారు. స్క్రాప్‌లో లేదు, స్టోరులో లేదు. చివరికి క్యాంటీన్ పక్కన దొరికింది, మంచినీళ్ళ డ్రమ్ము దాని మీద పెట్టుకున్నారు. నీళ్ళ డ్రమ్ముని ఇటుకల మీదికి మార్చి స్టాండు తెచ్చుకున్నారు.